హడ్సన్ నది ఒడ్డున ‘పాఠశాల’ ఉండేదా?

సందేహం: పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ చిత్రకారుల గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ఒక వాక్యాన్ని ఇలా రాశాను: ‘హడ్సన్ నది పాఠశాలకు చెందిన భూదృశ్య చిత్రకారులు నార్త్ కాన్వే అనే కొండ ఊరిలో కళా వలసను స్థాపించారు.’ ‘స్కూల్’కు పాఠశాల, ‘కాలనీ’కి వలస అన్నవి నిఘంటువులో ఉన్న అర్థాలే. కానీ ఇది చదివిన మిత్రుడొకరు ఆ బడి ఏ ఊళ్లో ఉండేదని, ఎవరు ఎక్కడి నుంచి వలస పోయారని అడిగారు. నా మాటల్లో తప్పుందా? ‘క్రాఫర్డ్ నాచ్’, ‘కాటర్‌స్కిల్ క్లోవ్’ అనే స్థలనామాల సంగతి కూడా చెప్పండి. నిఘంటువు చూస్తే మొదటిదానికి గాటు అని, రెండోదానికి లవంగం అని ఉంది.

సమాధానం: మీ మిత్రుడు అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవే. మీ వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. అయితే ఆ మాటల వెనక ఉన్న మనుషులు ఏం చేశారో తెలియకపోతే ఏ మాట నప్పుతుందో, ఏది నప్పదో తేల్చడం కష్టం. కాబట్టి మాటతో పాటు సంగతినీ చూడవలసి ఉంటుంది.

మొదట ‘పాఠశాల’ను తీసుకుందాం. పాఠం చెప్పే శాల పాఠశాల. ఆ మాట వినగానే తెలుగువారికి ఒక కట్టడం, ఒక గురువు, కొందరు శిష్యులు స్ఫురిస్తారు. హడ్సన్ నది చిత్రకారులకు అలాంటి కట్టడమేదీ లేదు. ఇంగ్లండులో పుట్టి, 1818లో కుటుంబంతో అమెరికా చేరిన థామస్ కోల్, 1825లో న్యూయార్క్ నుంచి హడ్సన్ నది వెంట పైకి ప్రయాణించి, కాట్‌స్కిల్ కొండలను చూసి వచ్చి వేసిన చిత్రాలతో ఈ కథ మొదలైందని చెప్పుకోవడం ఆనవాయితీ. ఆ చిత్రాలను మెచ్చి కొన్నవారిలో ఆషర్ డ్యురాండ్ ఒకడు. అప్పటికి ఆయన లోహపు రేకులపై బొమ్మలు చెక్కే పనిలో ఉన్నాడు, తర్వాత తానే పేరుమోసిన ప్రకృతి చిత్రకారుడయ్యాడు. ఫ్రెడరిక్ చర్చ్ మాత్రం 1844 నుంచి రెండేళ్లు కోల్ దగ్గర శిష్యరికం చేశాడు. ఈ ఒక్క గురుశిష్య సంబంధాన్ని పట్టుకుని ఆ చిత్రకారులందరినీ ఒక పాఠశాలలో కూర్చోబెట్టలేం.

దీనికి బలమైన సాక్ష్యం డ్యురాండ్ రాతల్లోనే దొరుకుతుంది. 1855లో ఆయన ఒక కళాపత్రికలో ప్రకృతి చిత్రణపై వరుసగా లేఖలు ప్రకటించాడు. శిష్యుడిగా తన చిత్రశాలలో చేర్చుకోమని కోరిన ఒక యువకుడికి రాసిన జవాబుగా మొదటి లేఖ నడుస్తుంది. ఆ కోరికను ఆయన మన్నించలేదు. ముందు ప్రకృతి దగ్గరకే వెళ్లి నేర్చుకోమని, ఇతరుల చిత్రాలను అనుకరించే పని పెట్టుకోవద్దని సలహా ఇచ్చాడు. పాఠం చెప్పనని లేఖ రాసిన మనిషిని ‘పాఠశాలకు చెందిన’ వాడిగా రాయడం ఆయన మాటకు అడ్డం వెళ్లడమే అవుతుంది.

పైగా ఈ పేరు వారు పెట్టుకున్నది కాదు. 1870ల్లో అభిరుచులు మారి, ఫ్రాన్సు నుంచి వచ్చిన మెత్తని రంగుల పద్ధతికి ఆదరణ పెరిగిన కాలంలో, పాతవారిని చిన్నచూపు చూస్తూ ఎదుటివారు అన్న మాట అది. ఇందులో ‘హడ్సన్ నది’ సైతం హద్దు చెప్పే మాట కాదు. చర్చ్ 1857లో నయాగరాను చిత్రించాడు. దక్షిణ అమెరికాకు రెండుసార్లు వెళ్లి వచ్చి, 1859లో ఆండీస్ పర్వతాల మహాచిత్రాన్ని ప్రదర్శించాడు. ఆల్బర్ట్ బీర్‌స్టాట్ రాకీ పర్వతాలకు వెళ్లాడు. వీరందరినీ కలిపింది ఒక్క నది కాదు. కొండనూ చెట్టునూ వెలుగునూ దగ్గరగా పరిశీలించడం, వేసవిలో బయట చిత్తుబొమ్మలు గీసుకుని చలికాలంలో నగరంలోని చిత్రశాలలో పెద్ద చిత్రంగా మలచడం, మనిషిని ఆ విశాలతలో చిన్నగా నిలపడం వారిని ఒక కోవలో చేర్చాయి.

ఇలా చూడగానే పోల్చుకోగలిగే తీరు కొందరిలో ఉమ్మడిగా కనిపిస్తే తెలుగులో దాన్ని ‘బాణీ’ అంటాం. నాట్యంలో తంజావూరు బాణీ, పందనల్లూరు బాణీ అన్నప్పుడు తంజావూరులో ఒక బడి ఉందని ఎవరూ అనుకోరు. ‘సంప్రదాయం’ అనే మాట కూడా వాడవచ్చు, చాలామంది కళావ్యాసకర్తలు వాడుతున్నారు. కానీ అందులో తరతరాలుగా చేతికందిస్తూ రావడం అనే అర్థం ఉంది. 1825 ప్రాంతంలో మొదలై యాభై ఏళ్లలో వెనకబడిపోయిన పద్ధతికి అది కొంచెం బరువైన మాట. అందుచేత ‘హడ్సన్ నది బాణీ చిత్రకారులు’ అన్నది నా ఎంపిక. ‘హడ్సన్ నది చిత్రకారులు’ అని ఊరుకున్నా అర్థానికి లోటు రాదు. అలాగని ‘స్కూల్’ కనబడిన చోటల్లా బాణీ అని రాయకండి. మన దామెర్ల రామారావు బొంబాయిలో చదివిన జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ నిజంగానే పాఠశాల. అక్కడ గదులున్నాయి, గురువులున్నారు, పరీక్షలున్నాయి. ఇంగ్లీషు రెండింటినీ ఒకే మాటతో సరిపెట్టుకుంది. మనం సరిపెట్టుకోనక్కర్లేదు.

ఇక ‘కళా వలస’. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇదే. లాటిన్‌లో సాగుచేయడం అనే అర్థమున్న ధాతువు నుంచి ‘కాలనీ’ పుట్టింది. కొత్త నేలను సాగుచేసుకుని స్థిరపడిన జనం అనే అర్థం దాని కడుపులో ఉంది. మన ‘వలస’ అలాంటిది కాదు. తమిళంలో వలసై, కన్నడంలో వలసె ఉన్నాయి కనుక అది ద్రావిడ భాషా కుటుంబపు మాటే. అందులో ముందుగా వినిపించేది కదలిక, ఉన్న ఊరు విడిచి వెళ్లడం. పాలమూరు వలస అంటే పాలమూరు నుంచి వెళ్లిపోవడమే. పాలమూరులో ఏర్పడిన కాపురాలని ఎవరికీ తోచదు. కాబట్టి ‘చిత్రకారుల వలస’ అంటే చిత్రకారులు ఊరు విడిచి పోతున్నారని పాఠకుడికి తోస్తుంది. ‘కళా వలస’ అంటే కళే ఎటో వెళ్లిపోయినట్టుంది. అయితే ఉత్తరాంధ్ర వారు ఈ మాటను నివాసానికీ వాడుకున్నారని మరవకూడదు. కొత్తవలస వంటి ఊళ్ల పేర్లలో వలస అంటే వేరే చోటి నుంచి వచ్చినవారు కట్టుకున్న పల్లె. ఆ వాడుక తెలిసిన శ్రీకాకుళం, విజయనగరం పాఠకులకు మీ మాట అంత వింతగా తోచకపోవచ్చు. నిఘంటువు చూసి మీరు పూర్తిగా దారి తప్పారని నేను అనను. కానీ రాజకీయ చరిత్రలో వలసరాజ్యం, వలసపాలన అనే మాటలు స్థిరపడ్డాక, ‘వలసను స్థాపించారు’ అంటే దండెత్తి ఆక్రమించిన ధ్వని తప్పకుండా వస్తుంది. పోనీ ‘కాలనీ’ అనే ఉంచుదామంటే, తెలుగునాట ఆ మాట ఇళ్ల స్థలాలకూ వరుస ఇళ్లకూ అంకితమైపోయింది.

నార్త్ కాన్వేలో జరిగిందేమిటో చూస్తే సరైన మాట దానంతటదే దొరుకుతుంది. న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో వైట్ మౌంటెన్స్ అనే పర్వతాలున్నాయి. వాటిలో ఎత్తైనది 6,288 అడుగుల మౌంట్ వాషింగ్టన్. ఆ కొండల నడుమ పుట్టిన సాకో నది దక్షిణంగా వచ్చి పచ్చిక మైదానంలోకి దిగే చోట ఉన్న ఊరు నార్త్ కాన్వే. 1850 వేసవిలో బెంజమిన్ ఛాంప్నీ, జాన్ ఫ్రెడరిక్ కెన్సెట్ అనే మిత్రులు చిత్తుబొమ్మలు గీసుకోవడానికి అక్కడికి వెళ్లారు. కాన్వే లోయ నుంచి కనబడే మౌంట్ వాషింగ్టన్‌ను కెన్సెట్ 1851లో చిత్రించాడు. ముందు పొలాలు, చెట్ల మధ్య ఊరు, వెనక మంచు కప్పిన శిఖరం. ఆ చిత్రాన్ని చెక్కి అచ్చువేసి ఒక కళాసంఘం తన చందాదారులకు వేల సంఖ్యలో పంపడంతో ఆ లోయ దేశమంతటా తెలిసింది. ఛాంప్నీ 1853లో అక్కడే ఒక ఇల్లు కొనుక్కున్నాడు. అక్కడి నుంచి ఏటా వేసవికి చిత్రకారులు రావడం, పల్లెలోని విడిది గృహాల్లో దిగడం, పగలంతా నది ఒడ్డున బొమ్మలు వేయడం, ఎండ తగ్గి చలి మొదలయ్యాక న్యూయార్క్‌కో బోస్టన్‌కో తిరిగిపోవడం మామూలైంది. నది గట్టు పొడవునా, పచ్చికలో తెల్లగొడుగులు చుక్కలు పెట్టినట్టు కనబడేవని ఛాంప్నీ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మీ వ్యాసంలో ఆ తెల్లగొడుగులను విడిచిపెట్టకండి. ఆ ఊరి కళాజీవితాన్ని కళ్లకు కట్టడానికి అంతకు మించిన వివరం లేదు.

ఎండాకాలం వచ్చి, ఉండి, తిరిగి వెళ్లిపోయే చోటును తెలుగులో ఏమంటాం? వేసవి విడిది అంటాం. ‘చిత్రకారుల వేసవి విడిది’ అన్నది నార్త్ కాన్వేకు కుట్టించినట్టు సరిపోయే మాట. అంతేకాదు, అది అలా ఏర్పడింది, దాన్ని ఎవరూ స్థాపించలేదు. మీ వాక్యంలో ‘పాఠశాల’ కంటే పెద్ద లోపం ‘స్థాపించారు’ అన్న క్రియలోనే ఉందని నా అభిప్రాయం. ఒకరు సంకల్పించి, భూమి కొని, కట్టడాలు లేపితే స్థాపించారనాలి. 1902లో వుడ్‌స్టాక్ దగ్గర, కాట్‌స్కిల్ కొండల వాలులో వెలసిన బర్డ్‌క్లిఫ్ అలాంటిది. మన వైపున 1966లో చెన్నై దగ్గర కె.సి.ఎస్. పణికర్ ఆధ్వర్యాన వచ్చిన చోళమండల్ కూడా అలాంటిదే. ఇలా కళాకారులు కాపురముండే చోట్లకు ‘కళాకారుల గ్రామం’ అనే మాట ఇప్పటికే వాడుకలో ఉంది, దాన్నే తీసుకోండి. నార్త్ కాన్వే విషయంలో మాత్రం ‘హడ్సన్ నది బాణీ చిత్రకారులు పలువురు ఏటా చేరడంతో నార్త్ కాన్వే అనే కొండ ఊరు చిత్రకారుల వేసవి విడిదిగా మారింది’ అని రాయండి.

ఈ వాక్యంలో నేను ‘భూదృశ్య’ అన్న విశేషణాన్ని తీసేశాను. ఆ పదం భూగోళ శాస్త్రానికి పనికివస్తుందేమో గాని ఈ చిత్రాలకు నప్పదు. కోల్ 1836లో అమెరికా ప్రకృతి దృశ్యాల గురించి రాసిన వ్యాసంలో ఆకాశాన్ని దృశ్యానికంతటికీ ప్రాణమన్నాడు. కెన్సెట్ చిత్రాలు కొన్నింటిలో సగానికి పైగా ఉండేది ఆకాశమూ, నీటి మీద పడ్డ దాని వెలుగూ. భూమిని మాత్రమే పట్టుకున్న మాట ఆ సగాన్ని జారవిడుస్తుంది. కంటికి కనబడేదాన్ని ప్రకృతి దృశ్యమనీ, దాన్ని చూసి వేసినదాన్ని ప్రకృతి చిత్రమనీ వేరుచేసి వాడితే చాలు.

స్థలనామాలకు వస్తే, పేరులో భాగమైనప్పుడు వాటిని మార్చకూడదు. క్రాఫర్డ్ నాచ్ అలాగే ఉండాలి. కానీ పేరు చెప్పాక అదేమిటో ఒక్క మాటలో చెప్పవలసి వచ్చినప్పుడు గాటు, లవంగం అనే అర్థాల జోలికి పోవద్దు. న్యూహాంప్‌షైర్ వారు రెండు కొండల నడుమ దారి ఇచ్చే సందును నాచ్ అంటారు. అది అచ్చంగా మన కనుమ. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అంటూ మనం ఆ మాటను పర్వతశ్రేణులకే పెట్టుకున్నాం గాని, దాని అసలు అర్థం కొండల మధ్య దారి. నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే వారికి నంది కనుమ ఆ అర్థంలోనే తెలుసు. క్రాఫర్డ్ కనుమలో 1826 ఆగస్టు 28 రాత్రి వానలకు కొండచరియ విరిగిపడింది. అక్కడ బాటసారులకు బస ఇచ్చే విల్లీ కుటుంబంలోని ఏడుగురూ, ఇద్దరు పనివారూ ప్రాణభయంతో ఇంట్లోంచి బయటికి పరుగెత్తి చనిపోయారు. ఇంటి వెనకనున్న బండ చరియను రెండుగా చీల్చడంతో ఇల్లు మాత్రం చెక్కుచెదరలేదు. కోల్ ఆ చోటును చూసి వచ్చి 1839లో వేసిన చిత్రంలో, నల్లమబ్బు కిందికి ఒక గుర్రపు రౌతు వెళుతుంటాడు, ఎదురుగా ఒక చిన్న ఇల్లుంటుంది, వాటి వెనక కొండలు విడివడిన సందు. ‘గాటు’ అన్న మాటతో ఆ సందులోని దారీ భయమూ పాఠకుడికి అందవు. ‘కనుమ’ రెండింటినీ ఇస్తుంది.

క్లోవ్ సంగతి మరింత ఆసక్తికరం. సుగంధద్రవ్యానికి దీనితో సంబంధం లేదు. హడ్సన్ తీరంలో మొదట స్థిరపడిన డచ్చివారి భాషలో చీలికకు, ఇరుకు లోయకు ఉన్న మాట అక్కడి ఇంగ్లీషులో క్లోవ్‌గా నిలిచింది. కాట్‌స్కిల్, కాటర్‌స్కిల్ అన్న పేర్ల చివరనున్న ‘కిల్’ కూడా డచ్చిదే, దానికి వాగు అని అర్థం. కనుక కాటర్‌స్కిల్ వాగు అంటే వాగు రెండుసార్లు వచ్చినట్టే. అయినా ఫర్వాలేదు, ఏరు లోపలే ఉన్నా మున్నేరు నది అనడం లేదా మనం? ఇరుపక్కలా నిట్టనిలువు కొండలు, అడుగున రాళ్ల మీదుగా పారే వాగు, పక్కలోయలో రెండంచెలుగా దూకే జలపాతం ఉన్న ఆ చోటుకు తెలుగులో ‘కోన’ కన్నా దగ్గరి మాట లేదు. తలకోన, పెంచలకోన చూసినవారికి వివరించనక్కర్లేదు. శాన్‌ఫోర్డ్ గిఫర్డ్ 1862లో ఆ కోననే చిత్రించాడు. ఆయన బొమ్మలో రాళ్లు, చెట్లు, నీళ్లు అన్నీ ఒకే బంగారు పొగమంచులో మునిగి ఉంటాయి. 1848లో కోల్ చనిపోయిన మరుసటి ఏడాది డ్యురాండ్ ఆయన స్మృతిగా వేసిన చిత్రంలో, కోల్, ఆయన మిత్రుడైన కవి బ్రయంట్ ఒక రాతి అంచున నిలబడి చూస్తున్నదీ ఈ కాటర్‌స్కిల్ కోననే. అక్కడి జలపాతాన్ని కూడా చిత్రంలో కలుపుకోవడానికి డ్యురాండ్ వేర్వేరు చోట్ల ఉన్నవాటిని ఒకే చూపులోకి తెచ్చాడు. మీ వ్యాసంలో ఆ చిత్రం ప్రస్తావన వస్తే ‘కాటర్‌స్కిల్ క్లోవ్ అనే కోన’ అని మొదటిసారి రాసి, ఆ తర్వాత ‘ఆ కోన’ అని కొనసాగించండి.