థైరాయిడ్‌లో 9 మిల్లీమీటర్ల గడ్డ: సూది పరీక్ష వద్దన్నారంటే

వేరే కారణంతో మెడ స్కాన్ తీస్తే 9 మిల్లీమీటర్ల గడ్డ బయటపడిందనీ, థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ నార్మల్ అనీ, డాక్టర్ సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటం) వద్దన్నా నిద్ర పట్టడం లేదనీ రాశారు. మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ డాక్టర్ మీ గడ్డను తేలిగ్గా తీసుకున్నారని అనుకోకండి.

రిపోర్టు చివర టైరాడ్స్ 3 అని ఉందన్నారు కదా, అసలు సంగతి అక్కడే ఉంది. గడ్డ గట్టిగా ఉందా, నీటితో ఉందా, అంచులు నున్నగా ఉన్నాయా, లోపల సన్నని కాల్షియం చుక్కలున్నాయా, వెడల్పు కంటే నిలువు ఎక్కువా అని స్కాన్‌లో చూసి మార్కులు వేస్తారు. ఆ మార్కులను బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే స్థాయే టైరాడ్స్; స్థాయి పెరిగేకొద్దీ క్యాన్సర్ అనుమానం ఎక్కువ. అమెరికన్ రేడియాలజీ కాలేజీ పద్ధతిలో స్థాయి 3 వస్తే సూది పరీక్ష గడ్డ 2.5 సెంటీమీటర్లు లేదా అంతకంటే పెద్దదైతేనే. స్థాయి 5 వచ్చినా సాధారణంగా 1 సెంటీమీటర్ నుంచే. ఇలాంటి గడ్డలు చాలామందికి ఉంటాయి, వాటిలో అత్యధికం క్యాన్సర్ కావు. టీఎస్‌హెచ్ నార్మల్ అంటే గ్రంథి పని బాగుందని మాత్రమే, గడ్డ స్వభావం దానితో తేలదు.

చిన్నప్పుడు మెడకు రేడియేషన్ ఇచ్చినా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినా డాక్టర్‌కు తప్పక చెప్పండి, లెక్క మారొచ్చు. గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా, మెడలో వాపు త్వరగా పెరిగినా ఆగకుండా డాక్టర్‌ను కలవండి.

అన్నట్టు, రోజూ మెడ నొక్కి చూసుకోవడం మానేయండి. అంత చిన్నది చాలాసార్లు చేతికి తగలదు, నొక్కినచోట నొప్పి మాత్రం మిగులుతుంది. మళ్లీ స్కాన్ తీయించుకోవాల్సి వస్తే ఈ రిపోర్టు తీసుకెళ్లండి, కొలతలు పోల్చాలి.