28 ఇన్నింగ్స్, ఇద్దరే పిచర్లు: 1942 నాటి ఒక బేస్‌బాల్ మ్యాచ్

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా జపాన్‌లో ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడేవారా? అప్పటి మ్యాచ్‌ల్లో చెప్పుకోదగ్గది ఏదైనా ఉందా?

ఆడేవారు. 1944లో సీజన్‌ను ఒక్కో జట్టుకు 35 మ్యాచ్‌లకు కుదించారు, 1945లో సీజనే లేదు. అంతవరకూ ఆట నడుస్తూనే ఉంది. చెప్పుకోదగ్గ మ్యాచ్ అంటే నేను ఒక్కదాన్నే చెబుతాను. 1942 మే 24న టోక్యోలోని కొరాకుయెన్ స్టేడియంలో నగోయా, తైయో జట్లు 28 ఇన్నింగ్స్ ఆడి 4-4తో డ్రా చేసుకున్నాయి. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సే, స్కోరు సమమైతే పొడిగిస్తారు.

ఉద్యోగానికి టోక్యో వచ్చేదాకా నాకు బేస్‌బాల్‌లో ఓనమాలు కూడా రావు. మా టీమ్‌లో నగోయా నుంచి వచ్చిన ఒకాయన ఉండేవారు, చునిచి డ్రాగన్స్‌కి వీరాభిమాని. అప్పటి నగోయా జట్టే ఇప్పటి డ్రాగన్స్. నాకు స్కోరు చదవడం నేర్పుతూ ఆయన ఫోన్‌లో చూపించిన మ్యాచ్ ఇది. పదో ఇన్నింగ్స్ నుంచి రెండు జట్ల వరసల్లోనూ సున్నాలే, జరుపుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. యాప్ హ్యాంగ్ అయిందా అని అడిగాను.

ఆ రోజు అదే గ్రౌండ్‌లో అది మూడో మ్యాచ్. మధ్యాహ్నం 2:40కి మొదలైంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో నగోయా 2-4తో వెనకబడి ఉంది, ఇద్దరు అవుట్. ఇంకొక్కరు అవుటైతే అందరూ ఇంటికి వెళ్లిపోయేవారు. అప్పుడు ఫురుకావా సెయిజో రెండు పరుగుల హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొట్టాడు. అక్కడి నుంచి 19 ఇన్నింగ్స్‌లో ఎవరూ ఒక్క పరుగు చేయలేదు. ఫ్లడ్‌లైట్లు లేని రోజులు కాబట్టి సాయంత్రం 6:27కి చీకటి పడి ఆపేశారు.

విశేషం ఏంటంటే పిచర్లు, అంటే బంతి వేసేవాళ్లు, మారలేదు. నగోయాకు నిషిజావా మిచియో 311 బంతులు, తైయోకు నొగుచి జిరో 344 బంతులు వేశారు. మన క్రికెట్ లెక్కలో చెప్పాలంటే నొగుచి ఒక్కడే ఒక్క సాయంత్రంలో 57 ఓవర్లు వేసినట్టు. పైగా ముందు రోజే ఇంకో మ్యాచ్ మొత్తం తనే వేసి గెలిపించాడు.

ఇంత జరిగినా పట్టిన టైమ్ 3 గంటల 47 నిమిషాలే! ఈ రోజుల్లో జపాన్‌లో తొమ్మిది ఇన్నింగ్స్‌కే దాదాపు మూడు గంటలు పడుతోంది. నొగుచి సగటున ఇన్నింగ్స్‌కు 12 బంతులే వాడాడు. అంటే బ్యాటర్లు పెద్దగా ఆగి చూడకుండా వచ్చిన బంతినల్లా కొట్టేశారన్నమాట. 1920లో అమెరికాలో బ్రూక్లిన్, బోస్టన్ ఆడిన 26 ఇన్నింగ్స్ మ్యాచ్‌లో కూడా ఇద్దరే పిచర్లు, అదీ నాలుగు గంటల లోపే అయిపోయింది.

మా కొలీగ్ దీన్ని పట్టుదలకు ఉదాహరణగా చెప్పేవారు. నాకు మాత్రం అలా అనిపించదు. నొగుచి ఆ సీజన్‌లో 527 ఇన్నింగ్స్ వేసి 40 మ్యాచ్‌లు గెలిచాడు (బేస్‌బాల్‌లో గెలుపును పిచర్ ఖాతాలో రాస్తారు). ఇప్పుడు మంచి స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) కూడా ఏడాదికి 200 ఇన్నింగ్స్ వేయడం అరుదు. కుర్రాళ్లను సైన్యం తీసుకుపోతుంటే మిగిలిన కొద్దిమంది చేత ఇలా చాకిరీ చేయించారు. టోక్యో మీద అమెరికన్ల తొలి బాంబు దాడి (డూలిటిల్ రెయిడ్) జరిగి అప్పటికి నెల దాటింది, అంతే.

ఆశ్చర్యం, ఇద్దరూ కోలుకున్నారు. నిషిజావా ఆ జులైలోనే నో-హిట్టర్ వేశాడు, అంటే ప్రత్యర్థులకు మ్యాచ్ మొత్తంలో ఒక్క హిట్ (కొట్టి బేస్ చేరడం) కూడా దక్కనివ్వలేదు. యుద్ధం తర్వాత పిచింగ్ మాని ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్‌కు మారి, 1950లో 46 హోమ్ రన్లు కొట్టి, 1952లో బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అత్యధిక బ్యాటింగ్ సగటు) కూడా గెలిచాడు. 1940లో పిచర్‌గా 20 విజయాలు సాధించినవాడు ఇతనే! పిచర్‌గా, బ్యాటర్‌గా రెండిట్లోనూ రాణిస్తున్న ఇప్పటి స్టార్ ఓహ్తానీ గురించి మాట్లాడే వాళ్లకు ఈ పేరు చెప్పి చూడండి. నొగుచి కూడా 1946లో వరసగా 31 మ్యాచ్‌ల్లో హిట్ కొట్టాడు. ఇద్దరికీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

అదే నగోయా జట్టు పిచర్ ఇషిమారు షిన్ఇచికి ఆ అదృష్టం లేదు. 1943లో నో-హిట్టర్ వేసిన మనిషి, 1945 మేలో కమికాజే (ఆత్మాహుతి దాడి) విమానంలో వెళ్లి చనిపోయాడు.

మీరెప్పుడైనా టోక్యో వస్తే సుయిదోబాషి స్టేషన్‌లో దిగండి. కొరాకుయెన్ స్థానంలో వచ్చిన టోక్యో డోమ్ అక్కడే ఉంది, బేస్‌బాల్ మ్యూజియం దాని లోపలే. యుద్ధంలో పోయిన ఆటగాళ్ల పేర్లు చెక్కిన స్మారక శిల కూడా డోమ్ దగ్గరే ఉంది. మ్యూజియానికి సోమవారం సెలవు, చూసుకుని వెళ్లండి.