రీటెస్ట్ ఫీజు సంగతి తర్వాత, ముందు కార్డు బాకీ

ప్రశ్న: నా వయసు 28. విశాఖలో ఒక జిమ్‌లో ఫ్లోర్ ట్రైనర్‌ని. జీతం 19,000, పీటీ (పర్సనల్ ట్రైనింగ్) క్లయింట్ల మీద నా వాటాగా ఇంకో 11,000 దాకా వస్తుంది. పోయిన ఏడాది క్రెడిట్ కార్డు మీద 58,000 పెట్టి అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ వాళ్ళ పర్సనల్ ట్రైనర్ కోర్సు తీసుకున్నాను. జూలైలో పరీక్ష రాస్తే 472 వచ్చింది, పాసవడానికి 500 రావాలి. కార్డు మీద ఇంకా 46,000 బాకీ ఉంది, నెలకు మినిమమ్ డ్యూ 2,300 కడుతున్నాను. రీటెస్ట్‌కు 18,000 దాకా అవుతుంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళేమో ‘పాస్ గ్యారంటీ’తో 65,000 ప్యాకేజీ, నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. మా వీధిలో ఒకావిడ నడిపే లక్ష రూపాయల చీటీ 20 నెలలకు గాను 11 నెలలు కట్టాను. ఇప్పుడు పాడితే 82,000 చేతికొస్తుంది. పాడుకుని ప్యాకేజీలో చేరనా? మా ఆవిడ దగ్గర మూడు తులాల బంగారం ఉంది కానీ అడగలేను, ఎందుకంటే ఫెయిలైన సంగతి ఇంట్లో చెప్పలేదు. పరీక్ష వాయిదా పడిందన్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.
పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: ప్యాకేజీలో చేరకండి. చీటీ ఇప్పుడే పాడకండి. పరీక్ష మాత్రం మళ్ళీ రాయండి, అయితే వచ్చే నెలలో కాదు, డిసెంబర్‌లో. ఇది ఆగస్టు కాబట్టి చేతిలో నాలుగు జీతాలు ఉన్నాయి. అప్పు లేకుండా ఆ ఫీజు కట్టుకోవడానికి అవి సరిపోతాయి. ఎలాగో చెప్పేముందు మీ ఉత్తరంలో అన్నిటికంటే ఖరీదైన వాక్యం ఏదో చూద్దాం. 65,000 ప్యాకేజీ అనుకుంటున్నారేమో. నా లెక్కలో అది ‘ఇంట్లో చెప్పలేదు’ అన్న వాక్యం.

కార్డు బాకీ 46,000. బాకీ మిగిల్చి మినిమమ్ కట్టేవాళ్ళ దగ్గర చాలా బ్యాంకులు నెలకు మూడున్నర శాతానికి అటూ ఇటూగా వడ్డీ వేస్తాయి. మీ స్టేట్‌మెంట్‌లో అచ్చంగా ఎంత ఉందో చూసుకోండి, నేను మూడున్నరే పట్టుకుంటున్నాను. 46,000 మీద నెలకు 1,610 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 290. మొత్తం 1,900. మీరు కట్టే 2,300లో అసలుకు పోయేది 400 రూపాయలే. బాకీ తగ్గినకొద్దీ మినిమమ్ డ్యూ కూడా తగ్గుతుంది కాబట్టి ఈ లెక్కన అది ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. పాత బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా దానికి వడ్డీ లేని గడువు వర్తించదు, గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. రీటెస్ట్ ఫీజు 18,000 ఇప్పుడు అదే కార్డు మీద పెడితే నెలకు ఇంకో 743 రూపాయలు వడ్డీకే పోతాయి.

అదే 46,000 బ్యాంకులో బంగారం మీద తీసుకుంటే? ఏడాదికి పది శాతం అనుకుందాం. బ్యాంకును బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది. నెలకు 385 లోపే. కార్డుకీ దీనికీ తేడా నెలకు 1,500. ఫెయిలైన సంగతి దాచిపెట్టడానికి మీరు నెలనెలా కడుతున్న రుసుము అదే.

బంగారం విలువలో ఎక్కువ భాగం దాకా బ్యాంకులు అప్పు ఇస్తాయి. ఇప్పటి ధరలకు 46,000 కోసం ఒక తులం కూడా అక్కర్లేదు, చిన్న గొలుసో రెండు గాజులో చాలు. ప్రైవేటు కంపెనీల్లో చేతికి త్వరగా వస్తుంది కానీ వడ్డీ ఎక్కువ, కాబట్టి ముందు మీ జీతం పడే బ్యాంకులో అడగండి. ప్రాసెసింగ్ ఫీజు, బంగారానికి విలువ కట్టే అప్రైజర్ చార్జీ ఎంతో ముందే తెలుసుకోండి. అయితే ఆ బంగారం మీది కాదు, ఆవిడది. కాబట్టి అడగాలంటే చెప్పాలి. జూలైలో రాశాను, పోయింది, కార్డు మీద ఇంత ఉంది, నెలకు ఇంత వడ్డీకి పోతోంది, మీ గొలుసు పెడితే ఇంత మిగులుతుంది, ఫలానా నెలలో విడిపిస్తాను అని కాగితం మీద రాసి చూపించండి. నా దగ్గరికి వచ్చే దంపతుల్లో గొడవలు ఎక్కువగా అప్పు వల్ల రావు, ఆ అప్పు సంగతి వేరే ఎవరి ద్వారానో తెలిసినప్పుడు వస్తాయి. ఆవిడ వద్దంటే ఒత్తిడి చేయకండి. అప్పుడు చీటీ సంగతి మళ్ళీ ఆలోచిద్దాం.

చీటీ ఎందుకు వద్దన్నానో కూడా లెక్కతోనే చూడండి. ఇప్పుడు పాడితే 82,000. చివరిదాకా ఆగితే చీటీ నడిపే ఆవిడ కమిషన్ 5,000 పోను 95,000. తొమ్మిది నెలలు ముందుగా తీసుకున్నందుకు 13,000 వదులుకుంటున్నారు. ఆ తొమ్మిది నెలలకు బంగారం అప్పు మీద వడ్డీ 3,500 కూడా దాటదు. పైగా 82,000 ఒక్కసారి చేతికొస్తే 46,000 బాకీకి పోగా మిగతాది ఎటు పోతుందో మీకు తెలుసు, ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకీ తెలుసు.

అయితే ఆ చీటీ విషయంలో నాకు ఒక భయం ఉంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయకుండా చీటీ నడపకూడదు. వీధి చీటీ అంటున్నారంటే రిజిస్టర్ అయి ఉండదనే నా అనుమానం. అలాంటి చీటీలో అందరికంటే ఎక్కువ లాభం చివరివాడిదే, అందరికంటే ఎక్కువ ప్రమాదమూ అతనిదే. అందుకని చివరిదాకా ఆగమని నేను చెప్పను. పాటలో వదులుకునేది 8,000, 9,000కు దిగినప్పుడు, అంటే బహుశా నాలుగైదు నెలల తర్వాత, పాడుకోండి. ఆ డబ్బుతో ముందు గొలుసు విడిపించండి. కమిషన్ పోను వచ్చే మూడు నాలుగు వేల లాభం కోసం ఆఖరి నెల దాకా నిద్ర చెడగొట్టుకోవడం దండగ.

ఇక ప్యాకేజీ. నో కాస్ట్ ఈఎంఐ అని వాళ్ళు అంటున్నది సాధారణంగా ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు. ఆ కంపెనీ ఇన్‌స్టిట్యూట్‌కు డబ్బు కట్టేస్తుంది, మీరు కంపెనీకి బాకీ పడతారు. రెండో నెలలో క్లాసులు నచ్చక మానేసినా ఈఎంఐలు ఆగవు, ఆపితే సిబిల్ స్కోరు పడిపోతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఎలాగూ ఉంటాయి. పాస్ గ్యారంటీ అంటే ఏమిటో కాగితం మీద అడగండి. ఫెయిలైతే డబ్బు వెనక్కిస్తారా, లేక ఇంకోసారి క్లాసులు వినమంటారా? హాజరు ఇంత శాతం ఉండాలి, మాక్ టెస్టుల్లో ఇన్ని మార్కులు రావాలి లాంటి షరతులు ఉన్నాయా? అన్నిటికంటే ముఖ్యం, ఆ కోర్సు పుస్తకాలు మీ దగ్గర ఇప్పటికే ఉన్నాయి. 58,000 పెట్టి కొన్నదాన్నే మళ్ళీ 65,000 పెట్టి కొంటున్నారు.

స్కోరు గురించి ఒక మాట. ఆ పరీక్షలో 150 ప్రశ్నలు, మూడు గంటలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. 25 ప్రశ్నలకు మార్కులు ఉండవు, ముందు ముందు పరీక్షల్లో వాడదామని పరీక్షించి చూడటానికి కలుపుతారు, ఏవి అన్నది రాసేవాళ్ళకు తెలియదు. మిగతా 125 మీద వచ్చినదాన్ని 200 నుంచి 800 మధ్య ఉండే స్కేలు మీదికి మారుస్తారు. కాబట్టి 472 అంటే 28 ప్రశ్నలు తక్కువయ్యాయనీ కాదు, 59 శాతమనీ కాదు. మీరు గీత దగ్గరికే వచ్చి ఆగారు. మొదటి నుంచీ చదవాల్సిన పని లేదు, తగ్గిన చోట చదవాలి.

మీరు జతచేసిన స్కోరు రిపోర్టులో ప్రోగ్రామ్ డిజైన్ బాగానే ఉంది. క్లయింట్ ఇంటర్వ్యూ, వృత్తి నియమాలు ఉన్న భాగాలు తక్కువ. నాకు దీని గురించి నా క్లయింట్లయిన ట్రైనర్లు చెప్పిందే ఆధారం, కానీ వాళ్ళందరూ చెప్పేది ఒకటే: ఫ్లోర్ మీద అనుభవం ఉన్నవాళ్ళే ఇక్కడ పోగొట్టుకుంటారు. మన జిమ్‌ల్లో ట్రైనర్ డైట్ చార్ట్ రాసిస్తాడు, ప్రోటీన్ డబ్బా అమ్ముతాడు, మోకాలి నొప్పి అంటే ఫలానా స్ట్రెచ్ చేయమంటాడు. పరీక్షలో ఈ మూడూ తప్పు సమాధానాలే. డైట్ ప్లాన్‌కు డైటీషియన్ దగ్గరికి, నొప్పికి డాక్టర్ దగ్గరికి పంపాలి, ట్రైనర్ పరిధి అంతే. అలాగే ఒకాయన ‘చేద్దామనే ఉంది కానీ టైమ్ లేదు’ అంటే మనం వెంటనే ప్యాకేజీ రేటు చెబుతాం. ఆయన ఇంకా ఆలోచన దశలోనే ఉన్నాడా, సిద్ధమయ్యే దశకు వచ్చాడా అన్నది ముందు పట్టుకోమంటుంది పరీక్ష. నాలుగు జవాబులూ సరైనవిగానే కనిపిస్తాయి, వాటిలో ముందు చేయాల్సింది ఏదని అడుగుతుంది. దీనికి 65,000 అక్కర్లేదు. మూడు వేల లోపు మాక్ టెస్టులు కొనుక్కుని, తప్పు చేసిన ప్రతి ప్రశ్న కింద ఎందుకు తప్పో తెలుగులోనే రాసుకోండి. పొద్దున షిఫ్టుకీ సాయంత్రం షిఫ్టుకీ మధ్య దొరికే మధ్యాహ్నాల్లో వారానికి నాలుగు ఇందుకు పెట్టండి. దసరా రోజుల్లో జిమ్ ఎలాగూ పలచబడుతుంది.

ఫెయిలయ్యాక 30 రోజులు ఆగితే చాలు, మళ్ళీ రాయొచ్చు. ఆ గడువు అయిపోగానే కట్టేయాలనిపిస్తుంది. డిసెంబర్ ఎందుకంటే మీ వ్యాపారానికి జనవరి పెద్ద సీజన్. కొత్త సంవత్సరం తీర్మానాలతో జనం చేరే వేళకు చేతిలో సర్టిఫికెట్ ఉంటే చాలు, సెప్టెంబర్‌లో ఉన్నంత మాత్రాన అదనంగా వచ్చేది పెద్దగా లేదు.

డబ్బు ఇలా కూడుతుంది. మీరు రాసిన ఖర్చులు: అద్దె 7,500, ఇల్లూ పాపా 8,000, చీటీ సగటున 4,500, కార్డు 2,300, పెట్రోలు ఫోను 2,500, ప్రోటీన్ పౌడర్ 3,200. మొత్తం 28,000, మిగిలేది 2,000. కార్డు బాకీ తీరిపోతే 2,300 మిగులుతాయి, అందులో 400 బంగారం వడ్డీకి పక్కన పెట్టండి. ప్రోటీన్ పౌడర్ నాలుగు నెలలు ఆపి గుడ్లకు 1,200 పెడితే ఇంకో 2,000. ట్రైనర్‌కు ఈ సలహా ఇస్తున్నందుకు తిట్టుకోకండి, గుడ్లు మీరు మీ క్లయింట్లకు చెప్పేదే కదా. అన్నీ కలిపి నెలకు 5,900, నాలుగు నెలలకు 23,600. రీటెస్ట్ 18,000, డాలర్లలో కట్టేటప్పుడు కార్డువాళ్ళు వేసే మార్కప్ మూడున్నర శాతం, జీఎస్టీ కలిపి ఇంకో 743, మాక్ టెస్టులు 3,000. మొత్తం 21,743. కార్డు బాకీ తీర్చిన మరుసటి నెల స్టేట్‌మెంట్‌లో కూడా కొద్దిగా వడ్డీ కనిపిస్తుంది, కంగారు పడకుండా అదీ కట్టేసి బ్యాలెన్స్ సున్నా చేయండి. ఆ తర్వాతే డిసెంబర్‌లో ఫీజుకు ఆ కార్డు వాడండి, బిల్లు రాగానే మొత్తం కట్టేయండి.

ఈ ఖర్చు తిరిగొస్తుందా అన్నది మీ ఓనర్ చేతిలో ఉంది. సర్టిఫికెట్ వస్తే పీటీ వాటా 40 నుంచి 50 శాతం చేస్తానన్నారని రాశారు. ఇప్పుడు మీ 11,000 వాటా అంటే మీ క్లయింట్లు కట్టేది 27,500. యాభై శాతమైతే మీకు 13,750, నెలకు 2,750 ఎక్కువ. రీటెస్ట్ ఖర్చు ఎనిమిది నెలల్లో తిరిగొస్తుంది. నోటిమాటగా వదలకుండా, ‘సార్, మీరన్నట్టు జనవరి నుంచి 50 శాతం కదా’ అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి జవాబు తెప్పించుకోండి. ఓనర్ దాటేస్తే, మీకు సర్టిఫికెట్ కావాలి గానీ ఆ జిమ్ అక్కర్లేదేమో.

రెండోసారి కూడా పోతే ఏం చేయాలో ఇప్పుడే అనుకోండి, అప్పటి మనసుతో కాదు. బంగారం విడిపించేదాకా మూడో ఫీజు లేదు. అంతే. పాసైతే కూడా ఖర్చు ఆగదు. ఆ సర్టిఫికెట్ గడువు రెండేళ్ళు, ఆలోపు 20 గంటల అదనపు శిక్షణ చూపించి రెన్యువల్ ఫీజు కట్టాలి. జనవరి నుంచి నెలకు 500తో బ్యాంకులో ఒక ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) తెరవండి.

ఫీజు కట్టకముందే రెండు చూసుకోండి. సీపీఆర్, ఏఈడీ (గుండె ఆగినవాళ్ళకు చేసే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్ గడువు దాటి ఉంటే పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంకోటి, వాళ్ళ వెబ్‌సైట్‌లో మీ పేరు ఎలా ఉందో, పరీక్షకు చూపించే ఐడీలో కూడా అచ్చం అలాగే ఉండాలి. మన దగ్గర ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మామూలే. తేడా ఉంటే నవంబర్‌లోనే మెయిల్ రాసి సరిచేయించండి, లేకపోతే 18,000 గేటు దగ్గరే పోతాయి.