ప్లాస్టిక్ సంగతి తర్వాత, ముందు డెకాల్ షీటు చూడండి

“విమానం మోడల్ కిట్‌తో వచ్చే డెకాల్స్ వాడితే సరిపోతుందా, విడిగా కొనుక్కోవాలా?” అని అడిగారు. డెకాల్స్ అంటే నీళ్ళలో నానబెట్టి మోడల్‌కు అంటించే గుర్తుల స్టిక్కర్లు. కిట్‌లోవి బాగుంటే వాడుకోండి. అయితే పెట్టె తెరవగానే ముందు చూడాల్సింది ప్లాస్టిక్ ముక్కలను కాదు, అడుగున పడి ఉండే ఆ కాగితాన్ని. ఈ మాట అంటే తోటి మోడలర్లు నాతో వాదనకు దిగుతారు. దిగనివ్వండి. రెక్క దగ్గర సందు మిగిలితే పుట్టీ పెట్టి ఉప్పుకాగితంతో రుద్దుకోవచ్చు. రివెట్లు మరీ ఉబ్బెత్తుగా ఉంటే గీకేయవచ్చు. వంకరగా అచ్చయిన గుర్తును ఏం చేస్తారు?

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికాక, 1971 యుద్ధం నాటి రంగుల్లో ఒకటి చేసి బల్ల మీద పెట్టుకోవాలనిపించింది. 1/48 స్కేల్ (అసలు విమానంలో 48వ వంతు) కిట్ తెప్పించాను. కంపెనీ పేరు చెప్పను. ప్లాస్టిక్ అచ్చు అద్భుతం, ప్యానెల్ గీతలు (విమానం రేకుల అతుకులను చూపే గీతలు) గోటికి తగిలీ తగలనంత సన్నం. డెకాల్ షీటు మీద భూతద్దం పెట్టేసరికి ఒళ్ళు మండింది. మన వాయుసేన గుర్తులో బయట ఆకుపచ్చ, లోపల తెలుపు, నడుమ కాషాయం కదా. ఇక్కడ నడిమి బొట్టు పక్కకు జరిగిపోయింది. ఒకవైపు తెలుపు నెలవంకలా మిగిలితే, రెండోవైపు వెంట్రుకవాసి కూడా లేదు. పైగా అది కాషాయమే కాదు, నిఖార్సైన ఎరుపు! ఆకుపచ్చ, తెలుపు, నడుమ ఎరుపు అంటే అది ఇరాన్ వాయుసేన గుర్తు. మిగ్-21కు చైనా చేసిన నకలు ఎఫ్-7 ఇరాన్ దగ్గర ఉండేది కాబట్టి, నా బల్ల మీద ఉన్నది చూసి ఎవరైనా ఇరాన్ విమానమే అనుకున్నా తప్పు పట్టలేను.

సరే, అంటిస్తే ఎలా ఉంటుందోనని ఒకటి రెక్క మీద పెట్టాను. కింద ముదురు ఆకుపచ్చ రంగు. తెలుపు సిరా ఎంత పలచగా కొట్టారో, ఆరేసరికి తెలుపు బూడిద రంగులోకి, ఎరుపు ఇటుక రంగులోకి తిరిగాయి. పొర మాత్రం మందం. డెకాల్‌ను మెత్తబరిచే మైక్రో సాల్ ద్రవం పూశాను, ముడతలు పడి మళ్ళీ సర్దుకుంది తప్ప ప్యానెల్ గీతల్లోకి దిగలేదు. చివరికి టేపు అంటించి పీకేసి, విడిగా ఒక షీటు తెప్పించాను. కస్టమ్స్ సుంకం, పార్సెల్ ఖర్చు కలిపితే కిట్ ధరలో సగానికి దగ్గరగా తేలింది. అరచేయంత కాగితానికి!

డెకాల్స్ చాలావరకు సిల్క్ స్క్రీన్ పద్ధతిలో అచ్చవుతాయి. ఒక్కో రంగుకు ఒక్కో తెర. తెర రవ్వంత జరిగితే రంగు రంగు మీద కూర్చోదు. మన ఊళ్ళలో పెళ్ళి శుభలేఖలు వేసేవాళ్ళు వినాయకుడి బొమ్మను ఇంతకంటే శుభ్రంగా వేస్తారు. ఇటలీలోని కార్టోగ్రాఫ్ లాంటి ముద్రణాలయాలు ఉండనే ఉన్నాయి. కిట్లు చేసే బ్రిటిష్ కంపెనీ ఎయిర్‌ఫిక్స్ కొన్నేళ్ళుగా వాళ్ళతోనే వేయిస్తోంది, తేడా కంటికి కనిపిస్తుంది. ప్లాస్టిక్ అచ్చులకు కోట్లు పోసేవాళ్ళకు ఇక్కడికి వచ్చేసరికే చేయి ఆడదు.

ఇంకో చికాకు ఏమిటంటే, డెకాల్ ఎలా చెడినా తప్పు అంటించినవాడిదే అంటారు. కింద వెండి పొరలా మెరిస్తే “గ్లాస్ కోటు (రంగు మీద వేసే నున్నటి, మెరిసే పూత) వేయలేదా?” అని వెంటనే అడుగుతారు. గరుకు రంగు సందుల్లో గాలి చిక్కుకుంటే అలా మెరిసే మాట నిజమే, గ్లాస్ కోటు వేయాల్సిందే. మరి నీళ్ళలో వేయగానే ముక్కలైపోయే షీటుకు ఏ కోటు వేయాలి? దానికీ ఒక ఉపాయం ఉందిలెండి, నీళ్ళలో వేయకముందే షీటు మీద క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్) పలచగా కొట్టి ఆరనివ్వాలి. అది చేయాల్సిన పని ఎవరిది అన్నదే నా బాధ.

నీళ్ళంటే గుర్తొచ్చింది, బోరు నీళ్ళు వాడకండి. ఆరాక చుట్టూ తెల్లటి మరకలు మిగులుతాయి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. షీట్లను వానాకాలంలో జిప్ కవర్లో దాచండి, చెమ్మ తగిలితే జిగురు పాడవుతుంది. పసుపెక్కిన పాత షీటును కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే చాలావరకు తెల్లబడుతుంది. ఈ విషయంలో మాత్రం మన ఎండలను మించినవి లేవు.

ఒక కిట్‌లో రెండు మూడు విమానాల గుర్తులు ఇస్తారు కాబట్టి, మీకు అక్కర్లేని ఒకదాన్ని ముందు నీళ్ళలో వేసి, పాత రెక్క మీద అంటించి చూడండి. మీ కిట్ ఏదో చెప్పలేదు. మన వాయుసేన విమానమే అయితే ఈ పరీక్ష కూడా దండగ, నేరుగా విడి షీటు కొనేయండి. కాషాయాన్ని కాషాయంగా అచ్చువేసిన కిట్ నాకు ఇంతవరకు తగల్లేదు.