ఆటోమేటిక్ కారులో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఎందుకు, ఎప్పుడు వాడాలి?

గేర్లు కారే మార్చుకుంటుంటే స్టీరింగ్ వెనక ఆ + , − రెక్కలెందుకని చాలామంది అడుగుతారు. సిటీ ట్రాఫిక్‌లో వాటితో పనే లేదు, వదిలేయండి.

అసలు ఉపయోగం ఘాట్ దిగేటప్పుడు. తిరుమల నుంచి కిందికి వస్తున్నారనుకోండి. డి (మామూలు డ్రైవ్ మోడ్) లో ఉంటే కారు పై గేరులోకి వెళ్లి జారిపోతుంటుంది, మీరేమో బ్రేకు తొక్కుతూనే ఉంటారు. కాసేపటికి బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తుంది, పట్టు తగ్గుతుంది. మలుపుకు ముందే ఎడమ చేతి వైపు − ఒకటి రెండుసార్లు లాగండి. ఇంజిన్ మోత పెరుగుతుంది, కంగారు పడకండి. కారును వెనక్కి పట్టి ఉంచేది అదే. బ్రేకు అవసరమైన చోట మాత్రం తొక్కాల్సిందే.

ఓవర్‌టేక్ చేసేముందు కూడా ఒక గేరు తగ్గిస్తే పికప్ వెంటనే అందుతుంది.

పొరపాటున నొక్కితే ఇంజిన్ పాడవుతుందని టెన్షన్ వద్దు. ఆ వేగానికి కుదరని గేరైతే కంప్యూటరే ఒప్పుకోదు. డి లో ఉండి నొక్కితే చాలా కార్లలో కాసేపటికి మళ్లీ ఆటోమేటిక్‌కే వచ్చేస్తుంది. కొన్నింట్లో + ను కాసేపు పట్టుకోవాలి.

అన్నట్టు, కొన్ని ఎలక్ట్రిక్ కార్లలోనూ ఇవి ఉంటాయి. అక్కడ మార్చేది గేర్లు కాదు, రీజెన్ బ్రేకింగ్ స్థాయి, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు మోటారే కారును నెమ్మదింపజేస్తూ బ్యాటరీని ఛార్జ్ చేసే తీవ్రత.