మా నోడ్ జేఎస్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) సర్వర్ మెమరీ పెరుగుతూనే ఉంది, రోజూ రాత్రి రీస్టార్ట్ పెట్టేస్తే సరిపోదా?

సరిపోదండి. రీస్టార్ట్ పెట్టిన రోజు నుంచి ఆ మెమరీ లీక్‌ని (పనయ్యాక కూడా మెమరీ వదలకపోవడాన్ని) ఎవరూ పట్టించుకోరు, ట్రాఫిక్ పెరిగాక అది రాత్రి దాకా ఆగదు, మిట్టమధ్యాహ్నం పడిపోతుంది.

మీది నోడ్ జేఎస్ అన్నారు కాబట్టి మా దగ్గర జరిగింది చెప్తా. లైవ్ అప్‌డేట్లు పంపే వెబ్‌సాకెట్ (ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్) సర్వర్, ఉన్నట్టుండి 137 కోడ్‌తో పోయేది, యాప్ లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. 137 అంటే 128కి 9 కలిపితే వచ్చేది, అంటే సిగ్‌కిల్, ప్రాసెస్‌ని బలవంతంగా చంపేసే సిగ్నల్, దానికి చివరి మాట రాసుకునే టైం కూడా ఇవ్వరు. మెమరీ నిండిపోతోందని ర్యామ్ పెంచుదాం అన్నారు, పెంచారు, పడిపోవడం కాస్త ఆలస్యమైంది అంతే. ఈ ర్యామ్ పెంచే అలవాటు అంటే నాకు ఒళ్ళు మంట, కారణం వెతకడానికి ఇవ్వని టైం బిల్లు కట్టడానికి మాత్రం ఇస్తారు.

మెమరీ గ్రాఫ్‌లో పైన శిఖరాలు చూడకండి, జీసీ (అక్కర్లేని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్షన్) అయ్యాక ఎక్కడిదాకా దిగుతోందో చూడండి. మాకు ఆ కింది మట్టమే పైకి జరుగుతోంది. అందుకని ఒక ఇన్‌స్టెన్స్‌ని (నడుస్తున్న ఒక సర్వర్ కాపీని) ట్రాఫిక్ పంచే లోడ్ బ్యాలన్సర్ నుంచి తీసి కనెక్షన్లన్నీ పోయేదాకా ఆగి, మెమరీలో ఏ ఆబ్జెక్టులున్నాయో చూపే హీప్ స్నాప్‌షాట్ తీశాం (లైవ్‌లో ఉండగా తీయకండి, పనులు వరుసగా నడిపే ఈవెంట్ లూప్ ఆగిపోతుంది, హీప్‌కి దాదాపు రెండింతలు మెమరీ కావాలి). మళ్ళీ ట్రాఫిక్ ఇచ్చి, మళ్ళీ ఖాళీ చేసి ఇంకోటి తీసి, క్రోమ్ డెవ్‌టూల్స్‌లో రెండూ కంపేర్ చేశాం. ఒక్క యూజర్ కూడా లేడు, సాకెట్ (కనెక్షన్) ఆబ్జెక్టులు మాత్రం కుప్పలుగా ఉన్నాయి! ఒకదాని రిటైనర్స్ (దాన్ని ఏది పట్టుకుందో చూపే లిస్టు) తెరిస్తే సాకెట్‌ని ఒక క్లోజర్ (బయటి వేరియబుల్స్‌ని గుర్తుంచుకునే ఫంక్షన్) పట్టుకుంది, క్లోజర్‌ని అందరికీ కామన్‌గా ఉన్న ఒక ఈవెంట్ ఎమిటర్ (ఈవెంట్ జరిగిందని చాటేది) తాలూకు లిజనర్ల (ఆ ఈవెంట్‌కి పిలిచే ఫంక్షన్ల) లిస్టు పట్టుకుంది. కనెక్ట్ అయినప్పుడల్లా లిజనర్ తగిలిస్తున్నారు, క్లోజ్ అయినప్పుడు తీసేవాడు లేడు.

నాకు నిజంగా కోపం వచ్చింది ఆ లిజనర్ తగిలించే కోడ్‌కి పైలైన్ చూసి. ఒకే ఈవెంట్‌కి 10 కంటే ఎక్కువ లిజనర్లు పడితే మెమరీ లీక్ కావచ్చని నోడ్ తనంతట తనే వార్నింగ్ ఇస్తుంది, ఎవరో సెట్ మ్యాక్స్ లిజనర్స్ సున్నా అని పెట్టి దాని నోరు నొక్కేశారు. అలాంటి డిజైన్‌లో 10 దాటడం మామూలే, ఒప్పుకుంటా, కానీ సున్నా అంటే అసలు హద్దే లేదని. కనెక్షన్ల సంఖ్య, లిజనర్ కౌంట్ రెండూ ఒకే డ్యాష్‌బోర్డ్‌లో పక్కపక్కన పెట్టి ఉంటే చాలు, రెండు గీతలు విడిపోవడం కంటికి కనిపించేది.

సరిచేసేటప్పుడు ఒకటి చూసుకోండి, లిజనర్ తగిలించే ఆన్‌కి ఇచ్చిన అదే ఫంక్షన్‌ని, తీసేసే ఆఫ్‌కి ఇవ్వాలి, అక్కడ అలాంటిదే ఇంకో యారో ఫంక్షన్ రాస్తే ఏదీ పోదు, ఎర్రర్ కూడా రాదు.

హీప్ కదలకుండా ఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ మొత్తం వాడే ర్యామ్) ఒక్కటే పెరుగుతుంటే మాత్రం స్నాప్‌షాట్‌తో కుస్తీ పట్టకండి, బఫర్లు (ముడి బైట్ల డేటా) వీ8 (నోడ్‌లోని జావాస్క్రిప్ట్ ఇంజన్) హీప్ బయట ఉంటాయి, నోడ్ మెమరీ యూసేజ్ ఫంక్షన్ ఇచ్చే వాటిలో ఎక్స్‌టర్నల్ అనే అంకె ముందు చూడండి.