పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చింది

ప్రశ్న: మావారికి కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్టోబరులో బయల్దేరుతున్నాం. బాబుకి నాలుగేళ్ళు. ఆయనకి ఆఫీసు ఉంటుంది, నాకేముంటుందా అని టెన్షన్. అక్కడ పక్కింటివాళ్ళు కూడా పలకరించరని మా ఆడపడుచు భయపెడుతోంది. ఏం సర్దుకోవాలి, ఎలా అలవాటు పడాలి?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: నేనూ ఆ డెన్మార్క్‌లోనే, ఆర్హుస్ అనే ఊళ్ళో ఆరేళ్ళు ఉండి వచ్చినదాన్ని. మీ ఆడపడుచు చెప్పింది పూర్తిగా అబద్ధమని అనలేనమ్మా. ఆ సంగతి తర్వాత, ముందు సూట్‌కేసు తెరవండి.

అందులోంచి నెయ్యి డబ్బా తీసెయ్యండి. మీ అమ్మగారికి కోపం వస్తుంది, తెలుసు. కానీ మన దేశం నుంచి పాలతో, మాంసంతో చేసినవి సామాన్లో తేవడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయకీ కందిపొడికీ ఆ బాధ లేదు. డెన్మార్క్ వెన్నకి పేరున్న దేశం, కాచుకుంటే కమ్మటి నెయ్యి వస్తుంది. ఇక కుక్కర్. అక్కడ చాలా ఇళ్ళలో ఇండక్షన్ పొయ్యిలే. మన అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. కొనేముందు గిన్నె అడుగుకి అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటేనే తీసుకోండి.

దిగగానే కావాల్సింది సీపీఆర్ నంబరు, మన ఆధార్ లాంటిది. పది అంకెలు, మొదటి ఆరూ మీ పుట్టినరోజు. 1968 నుంచీ ఉన్న ఏర్పాటు. బ్యాంకు, డాక్టరు, బాబు బడి, అన్నీ దానితోనే. అది రావాలంటే ఇంటి చిరునామా ఉండాలి. అందుకే అద్దె కాగితం మీద సంతకం పెట్టకముందే 'ఈ చిరునామా మీద మా పేర్లు నమోదు చేసుకోవచ్చా' అని మీవారిని అడగమనండి. కుదరదంటే ఆ ఇల్లు ఎంత బాగున్నా వదిలెయ్యండి. మన దగ్గర రెండు నెలల అడ్వాన్సుకే గొణుక్కుంటాం కదా, అక్కడ మూడు నెలల డిపాజిట్టూ, పైన మూడు నెలల ముందస్తు అద్దే దాకా అడగొచ్చు. డబ్బు సిద్ధంగా ఉంచుకోండి. జీతంలో ఎంత పన్ను పట్టుకోవాలో ఆఫీసుకి చెప్పే ట్యాక్స్ కార్డు పని కూడా మీవారు వెంటనే చూసుకోవాలి. అది లేకపోతే జీతంలో 55 శాతం పట్టేస్తారు.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. మీ డాక్టరు పేరు వేసిన పసుపు రంగు ఆరోగ్య కార్డు పోస్టులో వస్తుంది. నాది నెల దాటినా రాలేదు. చూస్తే మా పోస్టు డబ్బా మీద పాత అద్దెవాళ్ళ పేరే ఉంది, కార్డు వెనక్కి వెళ్ళిపోయింది. తాళంచెవి చేతికొచ్చిన రోజే పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా మీ పేర్లు రాసి అంటించండి.

మీరు వెళ్ళేది చీకటి ముదిరే కాలం. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటేసరికి పొద్దుగూకుతుంది. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను నేను, తీరా చూస్తే ఎండ లేక. బాబుకి వానకోటూ, ఒళ్ళంతా కప్పే మంచు సూటూ కొనండి. అక్కడి బాలబడిలో వాన పడుతున్నా పిల్లల్ని బయట ఆడిస్తారు. వద్దని గొడవ పెట్టుకోకండి, వాడు మీకంటే ముందే అలవాటు పడతాడు.

భాష క్లాసులో తప్పకుండా చేరండి. అంకెల దగ్గరే నాకు పరువు పోయింది. అరవైని ట్రెస్ అంటారు, మూడు ఇరవైలని లెక్క. యాభై హాల్‌ట్రెస్, అంటే రెండున్నర ఇరవైలు. కూరగాయల కొట్టులో ఎన్నిసార్లు యాభైకి అరవై ఇచ్చానో! క్లాసులో నాలాగే తడబడేవాళ్ళు పదిమంది కనిపించాకే ప్రాణం కుదుటపడింది.

ఇప్పుడు పక్కింటివాళ్ళ సంగతి. మొదటి సంక్రాంతికి గారెలు చేసి, సాయంత్రం ఆరున్నరకి పై అంతస్తు ఆవిడ తలుపు కొట్టాను. వాళ్ళ భోజనాల వేళ అది. ఆవిడ పళ్ళెం అందుకుని, లోపలికి రమ్మనాలో వద్దో తెలియక గుమ్మంలోనే నిలబడింది. వారం తర్వాత పళ్ళెం మా గడప ముందుంది. తళతళా కడిగి, 'టాక్' అని చీటీ పెట్టి, ఖాళీగా. థాంక్స్ అనే లెండి. మనింట్లో పళ్ళెం ఖాళీగా వెనక్కి పంపుతామా? అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. ఆ ఆనవాయితీ ఆవిడకెలా తెలుస్తుందన్న ఆలోచనే రాలేదు నాకు.

మార్చిలో ఆవిడే కాఫీకి పిలిచింది. మూడు వారాల తర్వాతి ఆదివారం, రెండు నుంచి నాలుగు వరకు! వెళ్ళడానికే కాదు, లేవడానికీ టైమిచ్చింది. ఒళ్ళు మండినా వెళ్ళాను. గారెలెలా చేయాలో కాగితం మీద రాయించుకుంది. ఉన్నన్నాళ్ళూ ఆవిడే నాకు దిక్కయింది. కాబట్టి చెప్పాపెట్టకుండా వెళ్ళకండి, వాళ్ళే వస్తారనీ కూర్చోకండి. బాబు స్నేహితుడి అమ్మని 'వచ్చే శనివారం కాక, ఆ పై శనివారం ఖాళీయేనా' అని మీరే అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి డెన్మార్క్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ప్రొఫెసర్‌ని పేరు పెట్టి పిలుస్తున్నాడట. మందలించాలా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: వద్దండి. డేనిష్‌లోనూ 'మీరు' లాంటి మాట ఉంది గానీ, రాజకుటుంబం ముందు తప్ప ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు. 'సర్' అంటే ప్రొఫెసరే ఇబ్బంది పడతాడు. సెలవులకి వచ్చి మిమ్మల్ని కూడా పేరు పెట్టి పిలిస్తే, అప్పుడు మళ్ళీ రాయండి.